సాలిపేట శాఖకు ఫోటో లేదు

మా నగర గ్రంథాలయ సంస్థకు ఈ మధ్యే నూరేళ్లు నిండాయి. ఈ మాట నేను మంచి అర్థంలోనే అంటున్నాను. రెండో అర్థంలో నిండటానికి ఇంకా గడువుందని అప్పట్లో నా నమ్మకం.

నూరేళ్ల పండక్కి ఏం చెయ్యాలా అని సంస్థ పెద్దలు కూర్చుని ఆలోచించారు. పుస్తకాలు కొందామని ఎవరో అన్నారట. గ్రంథాలయానికి పుస్తకాలు కొనడంలో కొత్తదనం ఏముందని ఆ మాటని అక్కడే కొట్టేశారు. కారుతున్న కప్పులు బాగుచేయిద్దామని ఇంకొకరు అన్నారట. కప్పు బాగుచేస్తే రోడ్డు మీద పోయేవాడికి కనిపించదని అదీ పక్కన పెట్టారు. చివరికి 'ఛాయాచిత్రాల్లో నగర గ్రంథాలయ చరిత్ర' అని ఒక పెద్ద పుస్తకం వెయ్యాలనీ, ఆ ఫోటోలతోనే ఒక ప్రదర్శన పెట్టాలనీ తేలింది. చదవక్కర్లేని పుస్తకం కాబట్టి అందరికీ నచ్చింది.

దీనికి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారిని వేశారు. అంతకు ముందు ఆయన చేపల శాఖలో ప్రత్యేకాధికారి, దానికి ముందు శ్మశానాల సుందరీకరణకు ప్రత్యేకాధికారి. మనిషి మాత్రం మర్యాదస్థుడు. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విని, తర్వాత తను ముందే అనుకున్నది చెబుతారు.

నా పేరు ఇందుమతి. సాలిపేట శాఖకు గ్రంథపాలకురాలిని. సాలిపేటలో ఇళ్లన్నీ ఒక గది ఇళ్లు. ఆ గదిలోనే వంట, నిద్ర, కుట్టుమిషను, టీవీ, పైగా గోడవతల పక్కింటివాళ్ల తగాదా. పరీక్షలున్న వాళ్లు కూర్చుని చదువుకోవాలంటే ఆ పేటలో మా హాలు తప్ప ఇంకో చోటు లేదు. మా దగ్గర ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, ఎవరూ ఎవర్నీ పలకరించరు.

అలా వచ్చేవాళ్లలో నూర్జహాన్ ఒకతె. నర్సింగు చదివింది. ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సు ఉద్యోగాలకి పరీక్ష దగ్గర పడుతోంది. వయసు దాటిపోతోంది కాబట్టి మళ్లీ రాయడానికి వీల్లేదు. తండ్రి ఇంటి గుమ్మంలోనే గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు, ఇంట్లో రోజంతా సుత్తి చప్పుడే. పొద్దున్న నేను తాళం తీసేసరికి ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉండేది, నేను మళ్లీ తాళం వేసేదాకా కుర్చీలోంచి కదిలేది కాదు.

ఇలా ఉండగా కేంద్ర గ్రంథాలయం స్టోరు గదిలో ట్రంకు పెట్టెల నిండా పాత ఫోటోలు దొరికాయి. శాఖల వాళ్లందరినీ పిలిచి, బల్లల మీద పరిచి చూపించారు. రిబ్బను కత్తిరిస్తున్నవారు, దీపం వెలిగిస్తున్నవారు, శాలువా కప్పుతున్నవారు, కప్పించుకుంటున్నవారు, కప్పిన శాలువా తీసి సరిగ్గా పడలేదని మళ్లీ కప్పించుకుంటున్నవారు. నూరేళ్లలో పంచెలు పోయి ప్యాంట్లొచ్చాయి, దండలు లావెక్కాయి. చదువుకుంటున్న మనిషి మాత్రం ఒక్క ఫోటోలోనూ లేడు. పుస్తకం ఒకే ఒక్కచోట కనిపించింది. వేదిక మీద బల్ల కుంటుతుంటే దాని కాలి కింద పెట్టారు.

పరాంకుశం గారికి కళ్లు చెమర్చాయి. "ఎంత ఘనమైన చరిత్రండీ! ఎక్కడా ఖాళీ లేదు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఎవరో ఒకర్ని సన్మానిస్తూనే ఉన్నారు" అన్నారు.

ఆ ఆనందంలోనే సర్క్యులరు పంపించారు. "ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయునది ఏమనగా, ప్రారంభోత్సవ ఛాయాచిత్రము లేని ఏ శాఖయు చారిత్రకముగా అస్తిత్వము గలదిగా పరిగణింపబడదు. అట్టి శాఖలు తమ అస్తిత్వమును నెలాఖరులోగా నిరూపించుకొనవలెను." దాని నకలు ఒకటి ఆడిట్ వాళ్లకి వెళ్లింది. ఆడిట్ వాళ్లకి తర్కం ఎక్కువ. చరిత్రలో లేని శాఖ ఇప్పుడు కరెంటు ఎలా కాలుస్తోందని వాళ్లు అడిగారు. లేని శాఖలో గ్రంథపాలకురాలు ఎలా ఉందని కూడా అడిగారు. దాంతో ఫోటో చూపించలేని శాఖల్ని మూసెయ్యాలని రెండో సర్క్యులరు వచ్చింది.

సాగర్ నగర్ శాఖకి ఈ బాధ లేదు. దానికి భవనం లేదు కానీ ఫోటోలున్నాయి. వరసగా వచ్చిన మంత్రులందరూ అదే ఖాళీ స్థలంలో శంకుస్థాపన చేశారు, అందరూ తాపీ పట్టుకుని కెమెరా వైపు చూశారు. దానికి పుస్తకంలో నాలుగు పేజీలు దక్కాయి, ఉత్తమ శాఖ అనే బిరుదు దక్కింది, రోజూ దినపత్రికలు మంజూరయ్యాయి. పేపర్లు వేసే ఆయన వాటిని ఎక్కడ వెయ్యాలని ఫోను చేస్తే, గాలికి ఎగరకుండా రాయి కింద పెట్టమన్నారు.

మా సాలిపేట శాఖ పుట్టినరోజున మాత్రం వాన. రావలసిన పెద్దమనిషి రాలేదు, ఫోటోలు తీసేవాడూ రాలేదు. ఇల్లు దానమిచ్చిన ముసలావిడ కాసేపు చూసి, తనే తాళం తీసి, "రండి నాయనా, తడిసిపోతారు" అందట. జనం లోపలికొచ్చి కూర్చుని చదువుకున్నారు. జరిగింది అంతే. ఇలాంటిదాన్ని ప్రారంభోత్సవం అంటే ఏ అధికారి ఒప్పుకుంటాడు?

నాకు వేరే దారి తోచక, హాల్లో జనం చదువుకుంటుండగా సెల్‌ఫోనులో నాలుగు ఫోటోలు తీసుకుని పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"వీళ్లెవరండీ?"

"పాఠకులండి."

"అందరూ తలలు దించుకున్నారేం? సంతాప సభా?"

"చదువుకుంటున్నారండి."

"చదువుకోనివ్వండి, నేను కాదనను. ఫోటో తీసేటప్పుడైనా తలెత్తాలి కదా. ముఖ్య అతిథి ఎవరు ఇందులో?"

"ఎవరూ లేరండి."

ఆయన ఫోను నా చేతికిచ్చేశారు. "అతిథి లేనిచోట కార్యక్రమం లేదు. కార్యక్రమం లేనిచోట చరిత్ర లేదు. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదండి, ఆ పెట్టెలన్నీ చూశాం కదా."

"సార్, అక్కడ పరీక్షలకి చదువుకునేవాళ్లున్నారండి. ఇప్పుడు మూసేస్తే వాళ్లకి ఇంకో చోటు లేదు" అన్నాను.

"నేను మనసు లేనివాణ్ణి కాదు ఇందుమతి గారూ. మీలాంటి వాళ్ల కోసమే ఒక పథకం పెట్టించాను. చారిత్రక లోటు భర్తీ పథకం. అప్పట్లో జరగవలసి ఉండి జరగని ప్రారంభోత్సవాన్ని మనం ఇప్పుడు జరుపుతాం. అప్పటి దుస్తులు, అప్పటి వాతావరణం, నలుపు తెలుపు ఫోటో. ఆనాటి చైర్మన్ గారు కాలం చేశారు కాబట్టి వారి స్థానంలో మన ఇప్పటి చైర్మన్ గారే కూర్చుంటారు. పదవి ఒకటే కదా, మనిషి మారితే చరిత్రకి వచ్చిన నష్టం ఏముంది?"

నేను వెనక్కి వచ్చి నూర్జహాన్‌కి చెప్పాను. ఒక్క పూట హాలు వాళ్లకి వదిలేస్తే తర్వాత ఎవరూ మన జోలికి రారన్నాను. "ఒక్క పూటే కదా మేడమ్, నేను ఎదురింటి అరుగు మీద కూర్చుంటాలెండి" అంది. ఆ పిల్ల నా మాట నమ్మింది.

ఫోటోకి ముందు పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. బీరువా తెరిచి ఒక పుస్తకం తీసి, వేళ్ల కొసలతో పట్టుకుని చూశారు.

"ఇదేమిటండీ? అట్టలు ఊడిపోయి, అంచులు నలిగిపోయి ఉన్నాయి. ఎవరో వాడినట్టున్నాయి."

"వాడారండి."

"అదే నా అభ్యంతరం. ప్రారంభోత్సవం రోజున పుస్తకాలు ఇలా ఉంటాయా? రేపు చరిత్రకారులు నన్ను అడుగుతారు. ఇవన్నీ తీయించేయండి."

పుస్తకాలు తీసుకుపోవడానికి నగరపాలక సంస్థ ట్రాక్టరు వచ్చింది. మా అటెండరు అప్పలకొండ దాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏటమ్మగోరూ ఇది! సెత్తలెత్తే బండిలో పుస్తకాలేసీమంటన్నాడీ బాబు!" అన్నాడు.

"అది నగరపాలక వాహనమయ్యా. చెత్త ఎత్తినప్పుడే అది చెత్త బండి, పుస్తకాలు ఎత్తినప్పుడు పుస్తకాల బండి" అని పరాంకుశం గారు సెలవిచ్చారు.

పుస్తకాలు వెళ్లాయి. తర్వాత ఆ కాలంలో ఇవెక్కడివని ఫ్యాన్లు ఊడదీశారు, ట్యూబులైట్లు ఊడదీశారు. పాఠకుల్ని కూడా బయటికి పంపించారు. ఇంకా ప్రారంభమే కాని గ్రంథాలయానికి పాఠకులు ఎలా వస్తారని ఆయన అడిగారు. అంత శ్రద్ధగా తయారుచేసిన గ్రంథాలయాన్ని నేనెప్పుడూ చూడలేదు. లోపల గ్రంథాలయానికి సంబంధించిన వస్తువు ఒక్కటీ మిగల్లేదు.

ఫోటో రోజు పొద్దున్నే షామియానా కొట్టువాళ్లు కుర్చీలు దించారు. చైర్మన్ గారు అద్దె కోటు, తలపాగాతో వచ్చారు. ఆయన వెనక కార్పొరేటర్లు, వాళ్ల బావమరుదులు, ఇంజనీరు గారు, గుత్తేదార్ల సంఘం అధ్యక్షులు, ఇంకా ఎవరో ఎవరికీ తెలియనివాళ్లు వచ్చారు. కూర్చున్నవాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లోనూ, వెనక నిలబడ్డవాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లోనూ పడతాయని ముందురోజే అందరికీ తెలిసిపోయింది. అందుకని నిలబడేవాడు ఒక్కడూ లేడు. కుర్చీల వరస ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగింది, అయినా చాలక ఇంకో వరస వెయ్యబోతే, రెండో వరసలో కూర్చోవడమూ నిలబడటం కిందకే వస్తుందని గొడవ చేశారు. ఉన్న కుర్చీలనే ఒకదానిలోకి ఒకటి ఇరికించారు.

స్టూడియో మోజెస్ గారు కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపారు. "సార్, ఆ చివర నాయుడు గారు సగమే పడుతున్నారు."

"ఏ సగం?" అన్నారు గుత్తేదార్ల అధ్యక్షులు నాయుడు గారు.

"ఎడమ సగం సార్."

"అదెలా కుదురుద్దయ్యా! నేను సంతకం పెట్టేది కుడి చేత్తో."

"నేను ఇంకా వెనక్కి వెళ్లాలి సార్. వెనక గోడ ఉంది."

అందరం బయటికెళ్లి వీధిలో తీద్దామని నేను అన్నాను. బయట తీస్తే అది వీధి చరిత్ర అవుతుందని పరాంకుశం గారు ఒప్పుకోలేదు. చైర్మన్ గారికి తలపాగా కింద చెమట పోస్తోంది, ఫ్యాన్లు లేవు. "అయితే ఆ గోడే కొంచెం వెనక్కి జరిపించండి" అన్నారు.

ఇంజనీరు గారు దొరికిన కుర్చీ పోతుందని లేవలేదు, కూర్చునే సాంకేతిక సలహా ఇచ్చారు. "గోడ జరగదు సార్. తీసేయొచ్చు."

"సార్, వీధి వైపు ముందు గోడ తీసేస్తే రేపట్నుంచి శాఖ ఎలా నడుస్తుందండీ?" అని పరాంకుశం గారి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "ముందు శాఖ ఉందని తేలనివ్వండమ్మా. ఉంటే కదా, నడిచే సంగతి."

ట్రాక్టరుతో వచ్చిన మనుషులే గడ్డపారలు పట్టారు. గోడ పాతది, మట్టితో కట్టింది, పెద్దగా మొరాయించలేదు. రిబ్బను కట్టి ఉంది కాబట్టి గుమ్మాన్ని మాత్రం జాగ్రత్తగా వదిలేసి, దానికి అటూ ఇటూ కూల్చారు. ఎదురింటి అరుగు మీద నూర్జహాన్ పుస్తకం మీద పడిన దుమ్మును ఊదుకుంటూ చూస్తోంది. మోజెస్ గారు వీధి మధ్యదాకా వెనక్కి వచ్చి, ఒక కన్ను మూసి, చెయ్యెత్తారు. నాయుడు గారు రెండు సగాలూ పడ్డారు.

ఫోటో చాలా బాగా వచ్చింది. ఈ మాట ఒప్పుకోవాలి. సాలిపేట శాఖకు చరిత్రలో రెండు పేజీలు వచ్చాయి. పరాంకుశం గారు స్వయంగా ఫోను చేసి, "మీ శాఖని కాపాడేశాం ఇందుమతి గారూ" అన్నారు.

రెండు రోజులు పోయాక ఇంజనీరు గారి దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది. "ముందు గోడ లేని కట్టడము ప్రజలకు ప్రమాదకరము కావున తక్షణమే మూసివేయవలెను." గోడ ఎవరు తీయించారో అందులో లేదు. పుస్తకాలు వెనక్కి పంపమని రాస్తే, పుస్తకాలు పంపడానికి శాఖ తెరిచి ఉండాలన్నారు. శాఖ తెరవనివ్వమని రాస్తే, పుస్తకాలు లేని శాఖ తెరిచి ఏం చేస్తారని అడిగారు. అప్పలకొండ వెళ్లి ఒంటరిగా నిలబడ్డ తలుపుకి తాళం వేసి వచ్చాడు. "తాళం ఏసీసినానమ్మగోరూ. పక్కనించి ఎవులైనా లోనకెళ్లిపోతే మాత్రం నన్ననకండి, గోడ నేదు" అన్నాడు.

నిజంగానే పక్కనుంచి వెళ్లారు. నూర్జహాన్ చాప వేసుకుని ఆ కప్పు కింద కూర్చుని చదివింది. అది తెలిసి చుట్టూ ముళ్లకంచె వేశారు. మనుషుల్ని చదువుకోకుండా ఆపడానికి డబ్బు అవసరమైతే మా సంస్థలో ఫైలు ఒక్కరోజు కూడా ఆగదు.

నన్ను కేంద్ర గ్రంథాలయానికి మార్చారు. అక్కడి చదువుకునే పెద్ద హాలు ఖాళీ చేసి అందులో ఫోటోల ప్రదర్శన పెట్టారు. చేతికి ఒక సన్నటి కర్ర ఇచ్చి, వచ్చినవాళ్లకి ఎవరు ఎవరో చూపించమన్నారు. మొదటి రోజు రిబ్బను కత్తిరించినవాళ్లు తమ ఫోటోలు తాము చూసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు. తర్వాత చూడటానికి ఎవరూ రాలేదు. ఏసీ నడుస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, గోడల నిండా శాలువాలు.

మర్నాడు నూర్జహాన్ వచ్చింది. ఆదివారం పరీక్ష. బస్టాండులో చదువుదామంటే ఆ మైకు గోల, ఆసుపత్రి వరండాలో కూర్చుంటే వాచ్‌మన్ లేపేశాడట. "మేడమ్, ఇక్కడ ఓ మూల కూర్చోనా? ఎవరైనా వస్తే లేచిపోతాను" అంది. ఆ మూల కూర్చోబెట్టాను. బుధవారం, గురువారం హాయిగా చదువుకుంది. శుక్రవారం పరాంకుశం గారు వచ్చారు.

ప్రదర్శనలో ఒక మనిషిని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, జనం వస్తున్నారు!" అంటూ దగ్గరికి వెళ్లారు. "ఏమ్మా, ఎలా ఉంది మన చరిత్ర?"

నూర్జహాన్ ఉలిక్కిపడి తలెత్తింది. ఒడిలో ఉన్న పుస్తకాన్ని ఆయన అప్పుడు చూశారు.

"ఏంటిది? చదువుతున్నావా?"

"అవునండి. ఆదివారం పరీక్ష."

"ఇక్కడ చదువుకోవడం ఏమిటమ్మా? ఇదేమన్నా గ్రంథాలయం అనుకున్నావా?"

ఆ పిల్ల నిజంగానే బిత్తరపోయింది. "బయట బోర్డు మీద అలాగే ఉందండీ" అంది, భయంభయంగా.

ఆయన బయటికి వెళ్లి తలెత్తి చూశారు. ఉంది. లోపలికొచ్చి నావైపు తిరిగి, "ఈ బోర్డు వల్ల ప్రజల్లో అపోహలు కలుగుతున్నాయి. ప్రదర్శన అయ్యేదాకా గుడ్డ కప్పించండి. ఈ అమ్మాయిని పంపించేయండి" అన్నారు. సార్, రెండు రోజులేనండి అని నేను బతిమాలాను. ఎంత బతిమాలానో చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. ఈవిడకిస్తే రేపు ఇంకొకరు వస్తారు, వచ్చి చదువుతారు అని ఆయన చాలా ఓపిగ్గా నాకు నచ్చజెప్పారు.

నూర్జహాన్ నన్ను ఇబ్బంది పెట్టకుండా తనే పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఉద్యోగం రాలేదు. కొద్దిలో పోయింది. మూడేళ్లు మా హాల్లో తలెత్తకుండా చదివిన పిల్లకి, ఆఖరి పది రోజులు కూర్చోవడానికి చోటు లేకపోయింది. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు. ప్రదర్శనకు మంచి ఆదరణ ఉందని రాసుకుని ఇంకో ఏడాది పొడిగించారు.

మొన్న నూర్జహాన్ మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఏదో చిన్న నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ చేస్తోందట. వెంట చెల్లెల్ని తీసుకొచ్చింది, సబీహా అట పేరు, ఇంటరు పరీక్షలు. చంకలో పుస్తకాలు.

"నాదెలాగూ అయిపోయింది మేడమ్. దీన్ని ఎక్కడ కూర్చోబెట్టమంటారు?" అని అడిగింది.

నా చేతిలో కర్ర ఉంది, ఎదురుగా గోడ మీద నిలువెత్తున సాలిపేట శాఖ ఫోటో ఉంది. సబీహా కూడా దాన్నే చూస్తోంది. అందులో కుర్చీలకేం తక్కువ లేదు. ఒక్కటీ ఖాళీ లేదు.